నలుగురు యువతుల నుంచి ఒక కొత్త వ్యాధి దాకా: జోసెప్ డల్మావ్ పరిశోధనా పత్రాలు చదివే తీరు

2005లో ఆనల్స్ ఆఫ్ న్యూరాలజీలో నలుగురు యువతుల గురించి ఒక చిన్న పత్రం వచ్చింది. మొదటి రచయిత రొబెర్టా విటలియాని, చివరి పేరు జోసెప్ డల్మావ్. నలుగురికీ అండాశయంలో టెరటోమా (రకరకాల కణజాలాలు పెరిగే కణితి) ఉంది. నలుగురికీ ఉన్నట్టుండి మానసిక లక్షణాలు, ఫిట్స్, మతిమరుపు, స్పృహ తగ్గడం, ఆపైన శ్వాస మందగించడం కనిపించాయి. కణితికి చికిత్స చేయడంతోనో, రోగనిరోధక శక్తిని అణచే మందులతోనో ముగ్గురు కోలుకున్నారు, ఒకరు చనిపోయారు. ఆ పత్రంలో అసలు విషయం మరొకటి ఉంది. వీళ్ల రక్తంలో, వెన్నునీటిలో ఉన్న యాంటీబాడీలు హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) న్యూరాన్ల పైపొర మీద అతుక్కుంటున్నాయి. అవి న్యూరాన్ లోపలికి వెళ్లాల్సిన పని లేదు. బతికున్న న్యూరాన్లకే అతుక్కుంటున్నాయి.

న్యూరాలజిస్టు డల్మావ్ తర్వాతి ఇరవై ఏళ్ల పని అంతా ఆ ఒక్క గమనింపును పట్టుకుని సాగింది. ఆ జబ్బుకు ఇప్పటి పేరు ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్: న్యూరాన్ల పైపొర మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ అనే ప్రోటీన్ మీద సొంత యాంటీబాడీలు దాడి చేసే మెదడువాపు. ఆయన ప్రభావాన్ని సైటేషన్ల (ఇతర పత్రాలు ఎన్నిసార్లు ఉదహరించాయన్న) లెక్కతో చూపడం తేలిక. కానీ ఆ అంకెలో ఏ పత్రం దేనికి జవాబు చెప్పిందో కనిపించదు. ఒక పత్రం మిగిల్చిన ప్రశ్నను తర్వాతి పత్రం ఎలా అందుకుందో చూస్తేనే ఈ పరిశోధకుడు న్యూరాలజీని ఎక్కడ మార్చాడో తెలుస్తుంది. కాబట్టి ముఖ్యమైన పత్రాలను వరసలో పెట్టి చూద్దాం.

ముందు ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పాలి. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో జెరోమ్ పోస్నర్ బృందం పారానియోప్లాస్టిక్ వ్యాధుల మీద పనిచేసేది. అంటే క్యాన్సర్ నేరుగా మెదడుకు పాకకుండానే, దాని మీదకు లేచిన రోగనిరోధక వ్యవస్థ నరాలను దెబ్బతీసే జబ్బులు. డల్మావ్ అక్కడే తయారయ్యాడు. 1992లో ఆయన, ఫ్రాన్సెస్క్ గ్రాస్, పోస్నర్ కలిసి యాంటీ-హు యాంటీబాడీ ఉన్న 71 మంది పేషెంట్ల వివరాలు మెడిసిన్ పత్రికలో వేశారు. హు ప్రోటీన్ న్యూరాన్ లోపల, ముఖ్యంగా కేంద్రకంలో ఉంటుంది. బతికున్న కణంలో యాంటీబాడీ దాన్ని అందుకోలేదు. న్యూరాన్లను చంపేవి టీ-కణాలు అనే రోగనిరోధక కణాలు. యాంటీబాడీ "ఇక్కడెక్కడో చిన్నకణ క్యాన్సర్ దాగి ఉంది, వెతకండి" అని చెప్పే గుర్తు మాత్రమే. అందుకే ఆ పేషెంట్లకు ప్లాస్మా మార్చినా, స్టెరాయిడ్లు ఇచ్చినా పెద్ద ఫలితం ఉండేది కాదు. చచ్చిన న్యూరాన్ తిరిగి రాదు.

ఆ పనిలో ఏళ్లు గడిపినవాడు కాబట్టే 2005 నాటి పేషెంట్లు కోలుకోవడం ఎంత వింతో ఆయనకు తెలిసింది. వెంటిలేటర్ మీదకు వెళ్లిన పేషెంటు నెలల తర్వాత లేచి ఇంటికి వెళ్తోందంటే న్యూరాన్లు చావలేదన్నమాట. పని ఆగిపోయిందంతే.

ఈ యాంటీబాడీలు అంతకుముందు ఎందుకు కనిపించలేదన్నది చాలామంది దాటేసే సంగతి. నా దృష్టిలో డల్మావ్ బృందం చేసిన మేలులో సగం ఇక్కడే ఉంది. అప్పటి ల్యాబ్ పద్ధతులు కణం లోపలి ప్రోటీన్ల కోసం తయారైనవి. వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్షలో ప్రోటీన్‌ను డిటర్జెంట్‌తో విప్పదీసి సాగదీస్తారు. కణజాలాన్ని రసాయనాలతో గట్టిగా ఫిక్స్ చేస్తారు, అంటే చెడిపోకుండా బిగించేస్తారు. పైపొర మీద ఉండే రిసెప్టర్‌కు దాని మడతే ప్రాణం. మడత విప్పితే యాంటీబాడీకి అతుక్కునే చోటే మిగలదు. 2005 పత్రంలోనే ఇది కనిపిస్తుంది. జీన్ లైబ్రరీని జల్లెడ పట్టగా ఒక పేషెంటు యాంటీబాడీకి ఈఎఫ్‌ఏ6ఏ అనే ప్రోటీన్ దొరికింది. నలుగురినీ కలిపే లక్ష్యం అది కాదని రెండేళ్లలో తేలింది.

వాళ్లు నిలబెట్టిన పద్ధతి ఇలా ఉంటుంది. ఎలుక మెదడును రక్తనాళాల ద్వారా ఫిక్సేటివ్ పంపకుండా బయటికి తీసి, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క గంట మాత్రమే ఉంచుతారు. తర్వాత 40 శాతం సుక్రోజ్ ద్రావణంలో నానబెట్టి, చల్లబరిచిన ఐసోపెంటేన్‌లో ఒక్కసారిగా గడ్డ కట్టించి, 7 మైక్రాన్ల మందంలో ముక్కలు కోస్తారు. ఆ ముక్కల మీద 0.3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆపైన 5 శాతం మేక సీరం వేసి అనవసరపు రంగును అడ్డుకుంటారు. పేషెంటు సీరం అయితే 1:200 పలుచన, వెన్నునీరు అయితే 1:2 లేదా 1:4 పలుచన. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి, మర్నాడు బయోటిన్ కట్టిన యాంటీ-హ్యూమన్ ఐజీజీ (మనిషి యాంటీబాడీల్లో ప్రధాన రకమైన ఐజీజీని పట్టుకునేది), అవిడిన్-పెరాక్సిడేజ్‌తో రంగు తేలుస్తారు. ఎన్‌ఎండీఏ రిసెప్టర్ యాంటీబాడీ ఉంటే హిప్పోక్యాంపస్‌లో న్యూరాన్ల శరీరాలు తెల్లగా మిగిలి, వాటి చుట్టూ ఉన్న న్యూరోపిల్ (నరతంతువుల అల్లిక) గోధుమ రంగు తేలుతుంది.

ఎక్కడ చెడుతుంది? ఫిక్సేషన్ గంట దాటి రోజుకు చేరితే న్యూరోపిల్ రంగు పలచబడుతుంది, పోవచ్చు కూడా. సీరం పలుచన తగ్గిస్తే వెనకాల అంతా గోధుమ రంగు పరుచుకుని ఏది నిజమో తెలియదు. అందుకే కణజాలం మీద కనిపించినది రెండో పరీక్షలో కూడా నిలబడాలి. రిసెప్టర్ జీన్ ఎక్కించిన హెచ్‌ఈకే293 అనే ల్యాబ్ కణాల మీద, కుదిరితే పెంచిన హిప్పోక్యాంపస్ న్యూరాన్ల మీద బతికుండగానే వేసి చూస్తారు. మూడు పద్ధతులూ ఒకే మాట చెబితేనే నమ్ముతారు. ఈ పట్టింపు మొదటి పత్రాల నుంచి ఇప్పటి మార్గదర్శకాల దాకా వదలకుండా వచ్చింది.

2007లో, మళ్లీ ఆనల్స్‌లోనే, ఈసారి డల్మావ్ మొదటి రచయితగా 12 మంది స్త్రీల పత్రం వచ్చింది. వయసు 14 నుంచి 44. పదకొండు మందికి అండాశయంలో టెరటోమా, ఒకరికి ఛాతీ మధ్యభాగంలో. న్యూరోపిల్‌లో రంగు పరుచుకున్న తీరు ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఉండే చోట్లతో సరిపోయింది, ఆ దారిలో లక్ష్యం దొరికింది. పరిశీలించిన ఐదు కణితుల్లో ఐదింటిలోనూ నరకణజాలం ఉంది, దాని మీద ఆ రిసెప్టర్ కూడా ఉంది. అంటే కణితిలో పెరిగిన నరకణజాలం మీద మొదలైన దాడి మెదడు మీదకు తిరుగుతోంది. కణితి తీసి, ఇమ్యునోథెరపీ ఇచ్చిన తొమ్మిది మందిలో ఎనిమిది మంది మెరుగయ్యారు. కణితి తీయని ముగ్గురిలో ఇద్దరు చనిపోయారు.

ఆ పత్రాన్ని ఇప్పుడు చదివేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అందులో యాంటీబాడీ అతుక్కునేది రిసెప్టర్‌లోని ఎన్‌ఆర్2బి భాగానికి, కొంతమేర ఎన్‌ఆర్2ఏకి అని ఉంటుంది. విడి భాగాలకు కాదు, ఎన్‌ఆర్1, ఎన్‌ఆర్2 భాగాలు జతకూడిన రిసెప్టర్‌కే అతుక్కుంటోందనీ ఉంటుంది. మరుసటి ఏడాది లాన్సెట్ న్యూరాలజీలో వందమంది పేషెంట్లతో వచ్చిన పత్రం దీన్ని సరిచేసింది. అసలు లక్ష్యం ఎన్‌ఆర్1, ఇప్పటి పేరు గ్లూఎన్1. 2012లో ఆ అతుకు చోటు గ్లూఎన్1 బయటి భాగంలో 368, 369 స్థానాల్లోని అమైనో ఆమ్లాల దగ్గర ఉందని అదే వర్గం నుంచి ఇంకా సన్నగా తేల్చారు. ఈ దిద్దుబాటు తెలియకపోతే ఈనాటికీ నష్టం జరుగుతుంది. లూపస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బు పరిశోధనలో చెప్పే ఎన్‌ఆర్2 యాంటీబాడీలు వేరు. ఎన్‌ఆర్2 పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క) మీద చేసే ఎలైజా పరీక్షతో ఈ మెదడువాపును నిర్ధారించలేం. పేర్లు దగ్గరగా ఉండటంతో రెండింటినీ కలిపేసిన వ్యాసాలు చాలానే ఉన్నాయి.

వందమంది పత్రంలో 91 మంది స్త్రీలు, సగటు వయసు 23, చిన్నవారికి 5, పెద్దవారికి 76. కణితి కోసం చూసిన 98 మందిలో 58 మందికి దొరికింది. 75 మంది పూర్తిగా కోలుకున్నారు లేదా కొద్దిపాటి లోపంతో మిగిలారు. 25 మందికి తీవ్రమైన లోపం మిగిలింది లేదా చనిపోయారు, చనిపోయినవాళ్లు ఏడుగురు. "అండాశయ కణితి ఉన్న యువతుల జబ్బు" అన్న హద్దు ఈ పత్రంతో చెరిగిపోయింది. మగవాళ్లకు, పిల్లలకు, కణితి లేనివాళ్లకూ వస్తుందని తెలిసింది.

ఇక మిగిలిన ప్రశ్న: యాంటీబాడీయే జబ్బుకు కారణమా, లేక ఇదీ హు లాంటి గుర్తేనా? 2010లో జర్నల్ ఆఫ్ న్యూరోసైన్స్‌లో ఎథన్ హ్యూజ్ మొదటి రచయితగా వచ్చిన పత్రం దీనికి జవాబు. పెంచిన న్యూరాన్ల మీద పేషెంట్ల యాంటీబాడీ వేస్తే పైపొర మీది ఎన్‌ఎండీఏ రిసెప్టర్లు తగ్గిపోయాయి. యాంటీబాడీ ఎక్కువైతే తగ్గుదలా ఎక్కువ. సైనాప్సుల (న్యూరాన్లు కలిసే చోట్ల) సంఖ్య తగ్గలేదు, కణాలు చావలేదు. యాంటీబాడీ తీసేస్తే రిసెప్టర్లు తిరిగి వచ్చాయి. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే ప్రయోగం ఫ్యాబ్ ముక్కలది. మామూలు ఐజీజీకి రెండు చేతులుంటాయి. దాన్ని కోసి ఒంటిచేతి ఫ్యాబ్ చేస్తే అది రిసెప్టర్‌కు అతుక్కుంటుంది, కానీ రిసెప్టర్లు తగ్గవు. మళ్లీ రెండో యాంటీబాడీతో ఆ ముక్కలను జతచేస్తే తగ్గుతాయి. అంటే రిసెప్టర్‌ను మూసేయడం కాదు, రెండు రిసెప్టర్లను కలిపి కట్టి కణంలోకి లాగడమే ఇక్కడి యంత్రాంగం. ఒక్క నియంత్రణ ప్రయోగంతో రెండు సిద్ధాంతాలను విడదీశారు.

కానీ గాజు పళ్లెంలో న్యూరాన్ వేరు, ప్రవర్తన వేరు. 2015లో బ్రెయిన్ పత్రికలో జెసస్ ప్లానగుమా మొదటి రచయితగా వచ్చిన పనిలో చిట్టెలుకల మెదడు గదుల్లోకి ఆస్మోటిక్ పంపులతో పేషెంట్ల వెన్నునీటిని 14 రోజులు నింపారు. కొత్త వస్తువును గుర్తుపట్టే పరీక్షలో జ్ఞాపకశక్తి క్రమంగా పడిపోయి, పంపు ఆగిన నాలుగు రోజులకు, అంటే 18వ రోజుకు అట్టడుగుకు చేరింది. తర్వాత మెల్లగా తిరిగి వచ్చింది. నిస్పృహ లాంటి ప్రవర్తన కనిపించింది. కదలికలు, ఆందోళన స్థాయి మాత్రం మారలేదు. ఆ చివరి మాటను దాటేయకండి. మనుషుల్లో కనిపించే వింత కదలికలు, ఫిట్స్ ఈ మోడల్‌లో రాలేదు. జబ్బు మొత్తాన్ని ఎలుకలో చూపించామని వాళ్లు అనలేదు, మతిమరుపు భాగాన్ని చూపించారు. ఆ మరుసటి ఏడాది ఎఫ్రిన్-బి2 అనే అణువును కలిపి నింపితే ఆ నష్టం తగ్గుతుందని చూపించారు. రిసెప్టర్‌ను పైపొరలో నిలిపి ఉంచే ఈఫ్‌బీ2 అనే మరో రిసెప్టర్‌తో పట్టు సడలడం కూడా ఇందులో భాగమని దాంతో బలపడింది.

వైద్యులు ఎక్కువగా పట్టుకునే పత్రం 2013 నాటిది. లాన్సెట్ న్యూరాలజీ, మొదటి రచయిత మార్టెన్ టిటులార్, చివరి పేరు డల్మావ్. 577 మంది పేషెంట్లు, 81 శాతం స్త్రీలు, నడిమి వయసు 21, 18 ఏళ్ల లోపువాళ్లు 37 శాతం. కణితి ఉన్నది 38 శాతం మందికి. స్త్రీలలో 46 శాతం, మగవాళ్లలో 6 శాతం. మొదటి నాలుగు వారాల్లోనే 87 శాతం మందికి ఎనిమిది రకాల లక్షణాల్లో కనీసం నాలుగు వచ్చేశాయి. ఈఈజీ 90 శాతం మందిలో, వెన్నునీరు 79 శాతం మందిలో అసాధారణం. ఎంఆర్‌ఐ అసాధారణంగా ఉన్నది 33 శాతం మందిలోనే. ఎంఆర్‌ఐ బాగుందని ఈ జబ్బును పక్కన పెట్టే పొరపాటు ఇప్పటికీ జరుగుతోంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అది మామూలుగానే ఉంటుంది.

చికిత్స సంగతి. మొదటి వరస అంటే మిథైల్‌ప్రెడ్నిసోలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున ఐదు రోజులు, ఇమ్యునోగ్లోబులిన్ రోజుకు కిలో బరువుకు 0.4 గ్రాము చొప్పున ఐదు రోజులు, లేదా ప్లాస్మా మార్పిడి, కణితి ఉంటే తీసేయడం. రెండో వరస అంటే రిటుక్సిమాబ్ చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాములు వారానికోసారి నాలుగు వారాలు, సైక్లోఫాస్ఫమైడ్ చదరపు మీటరుకు 750 మిల్లీగ్రాములు నెలకోసారి. మొదటి వరస తీసుకున్నవాళ్లలో 53 శాతం మంది నాలుగు వారాల్లో మెరుగయ్యారు. మెరుగవని 221 మందిలో 125 మందికి రెండో వరస ఇచ్చారు, వాళ్ల ఫలితం ఇవ్వనివాళ్ల కన్నా మెరుగ్గా ఉంది. ఫాలో-అప్ ఉన్న 501 మందిలో 394 మంది 24 నెలల లోపు మంచి స్థితికి చేరారు, 30 మంది చనిపోయారు. చికిత్స తొందరగా మొదలవడం, ఐసీయూ అవసరం పడకపోవడం మంచి ఫలితానికి సూచనలు. రెండేళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం 12 శాతం.

ఈ పత్రాన్ని చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉండాలి. ఇది లాటరీ వేసి మందు పంచిన ట్రయల్ కాదు. ప్రపంచం నలుమూలల నుంచి యాంటీబాడీ పరీక్ష కోసం శాంపిల్ పంపిన వైద్యుల పేషెంట్లు వీళ్లు. రెండో వరస ఎవరికి ఇవ్వాలో ఆయా వైద్యులే నిర్ణయించుకున్నారు. డబ్బు, అనుభవం, మందు దొరకడం అన్నీ అందులో కలిసిపోయాయి. గణితంతో కొంత సర్దుబాటు చేశారు, అయినా తేడా అంతా మందుదేనని తేల్చి చెప్పలేం. రెండో వరసను ముందే మొదలుపెట్టమనే నేటి అలవాటు చాలావరకు ఈ పత్రం మీదే నిలబడింది కాబట్టి ఆ పునాది ఎంత గట్టిదో తెలిసి ఉండటం మంచిది. ఇనెబిలిజుమాబ్ అనే మందును ప్లాసిబోతో పోల్చే ఎక్స్‌టింగ్విష్ ట్రయల్ మొదలైంది ఈ లోటు పూడ్చడానికే.

ఎన్‌ఎండీఏతో పాటు అదే పద్ధతితో వరసగా మిగతా లక్ష్యాలు బయటపడ్డాయి. 2009లో ఆంపా రిసెప్టర్, 10 మంది. 2010లో గాబా-బి రిసెప్టర్, 15 మంది, వాళ్లలో ఐదుగురికి చిన్నకణ ఊపిరితిత్తుల క్యాన్సర్. 2014లో గాబా-ఏ. అదే ఏడాది ఐజీఎల్‌ఓఎన్5, ఎనిమిది మంది, నిద్రలో వింత కదలికలు, మెదడులో టావు అనే ప్రోటీన్ పోగులు. ఈ చివరిది ఆటోఇమ్యూనిటీకీ న్యూరోడీజెనరేషన్‌కూ (న్యూరాన్లు క్రమంగా క్షీణించడానికీ) మధ్య గీత ఎక్కడ గీయాలో మళ్లీ ఆలోచింపజేసింది.

వీటిలో ఎల్‌జీఐ1 అనే ప్రోటీన్ కథకు కొంచెం ఎక్కువ చోటివ్వాలి. అప్పటిదాకా చాలా లింబిక్ ఎన్‌కెఫలైటిస్ (జ్ఞాపకం, భావోద్వేగాల భాగాల్లో వచ్చే మెదడువాపు) కేసులకు "పొటాషియం ఛానెల్ యాంటీబాడీ" అని పేరు పెట్టేవారు. అందుకు కారణం పరీక్షలోనే ఉంది. డెండ్రోటాక్సిన్ అనే పాము విషంతో గుర్తుపెట్టిన ఛానెల్‌ను మెదడు సారం నుంచి లాగితే దానికి అంటుకుని ఉన్న ఇతర ప్రోటీన్లూ వెంట వస్తాయి. యాంటీబాడీ వాటిలో దేనికి అతుక్కున్నా పాజిటివ్ అనే చూపిస్తుంది. 2010లో డల్మావ్ బృందం ఆ లింబిక్ ఎన్‌కెఫలైటిస్ లక్ష్యం ఎల్‌జీఐ1 అని చూపింది. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ నుంచి సరోష్ ఇరానీ, ఏంజెలా విన్సెంట్ బృందం ఎల్‌జీఐ1, కాస్పర్2 అనే రెండు ప్రోటీన్లనూ విడివిడిగా చూపింది. రెండు ల్యాబులు వేరు దారుల్లో ఒకే చోటికి వచ్చాయి కాబట్టి ఈ ఘనత ఒక్కరి ఖాతాలో వేయడం న్యాయం కాదు. తర్వాత 2016లో ఎల్‌జీఐ1, కాస్పర్2 రెండూ లేకుండా పాత పొటాషియం ఛానెల్ పరీక్ష మాత్రమే పాజిటివ్ వస్తే దానికి వైద్యపరమైన అర్థం లేదని తేలింది. ఆ పాత పరీక్షను ఇంకా రాస్తున్న చోట్ల ఈ ఒక్క విషయం తెలిస్తే ఎంతోమందికి అనవసరపు స్టెరాయిడ్లు తప్పుతాయి.

2016లోనే గ్రాస్ మొదటి రచయితగా, డల్మావ్ చివరి రచయితగా లాన్సెట్ న్యూరాలజీలో ఆటోఇమ్యూన్ ఎన్‌కెఫలైటిస్ నిర్ధారణ ప్రమాణాలు వచ్చాయి. యాంటీబాడీ ఫలితం రావడానికి వారాలు పట్టే చోట కూడా చికిత్స మొదలుపెట్టగలగాలన్నది దాని ఉద్దేశం. ఎన్‌ఎండీఏ రకానికి "సంభావ్య" నిర్ధారణ ఇలా: మూడు నెలల లోపు ఆరు వర్గాల్లో కనీసం నాలుగు రావాలి. అవి ప్రవర్తన లేదా ఆలోచనలో తేడా, మాటలో తేడా, ఫిట్స్, అసాధారణ కదలికలు లేదా బిగుసుకుపోవడం, స్పృహ తగ్గడం, అటానమిక్ తేడా (గుండె వేగం, బీపీ లాంటివి అదుపు తప్పడం) లేదా శ్వాస మందగించడం. వాటితో పాటు ఈఈజీలో అసాధారణత గానీ, వెన్నునీటిలో తెల్లకణాలు పెరగడం లేదా ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (అక్కడే యాంటీబాడీలు తయారవుతున్నాయన్న గుర్తు) గానీ ఉండాలి. టెరటోమా ఉంటే మూడు వర్గాలు చాలు. ఇతర కారణాలను తోసిపుచ్చి ఉండాలి. "నిశ్చిత" నిర్ధారణకు ఆరింటిలో ఒక్కటి ఉన్నా చాలు, కానీ గ్లూఎన్1 ఐజీజీ ఉండాలి, వెన్నునీటిని కూడా పరీక్షించాలి. సీరం మాత్రమే ఉంటే కణజాలం మీదో బతికున్న న్యూరాన్ల మీదో ధ్రువీకరించాలి.

వెన్నునీటి మీద ఇంత పట్టుదల ఎందుకంటే, 2014లో 250 మంది మీద చేసిన పనిలో వెన్నునీటి పరీక్ష వందకు వందమందిని పట్టుకుంది, సీరం 85.6 శాతం మందినే. సీరంతో మాత్రమే ఆగితే ఏడుగురిలో ఒకరిని వదిలేస్తాం. దీనికి అటువైపు తప్పు కూడా ఉంది. ఆ కాలంలోనే జర్మనీ నుంచి వచ్చిన పెద్ద సర్వేల్లో ఎన్‌ఎండీఏ రిసెప్టర్ మీద ఐజీఏ, ఐజీఎం యాంటీబాడీలు ఆరోగ్యవంతుల సీరంలోనూ, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలోనూ దాదాపు ఒకే స్థాయిలో కనిపించాయి. కాబట్టి సీరంలో ఏదో ఒక యాంటీబాడీ కనిపించింది కదా అని మానసిక జబ్బుకు ప్లాస్మా మార్పిడి చేయడం తప్పు. ఐజీజీ కావాలి, వెన్నునీటిలో కావాలి, లక్షణాలు సరిపోవాలి. యాంటీబాడీ స్థాయి తగ్గలేదని చికిత్స పొడిగించడమూ సరికాదు. కోలుకున్న చాలామంది వెన్నునీటిలో కూడా అది కొన్నాళ్లు నిలుస్తుంది. పేషెంటును చూసి నిర్ణయించాలి, టైటర్‌ను చూసి కాదు.

ఈ పని మానసిక వైద్యాన్ని కూడా కదిపింది, కానీ ఎంతవరకు అన్నది అంకెల్లో చూడాలి. 2013లో 571 మందిని పరిశీలించిన పత్రంలో కేవలం మానసిక లక్షణాలే ఉన్నది 23 మందికి, అంటే 4 శాతం. ఆ 23లో ఐదుగురికే అది మొదటి దాడి, మిగతా 18 మందికి జబ్బు తిరగబెట్టినప్పుడు. అంటే మొదటిసారి వచ్చినప్పుడు ఫిట్స్, కదలికలు, స్పృహ, మాట వీటిలో ఏదో ఒకటి దాదాపు ఎప్పుడూ తోడుంటుంది. సైకోసిస్‌తో వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష అనడం కన్నా, వారాల్లో ముదిరి నరాల లక్షణం ఒక్కటైనా తోడైన వారిని వదలకపోవడం ఈ అంకె చెప్పే మాట.

ఎంత అరుదు అన్న ప్రశ్నకు రెండు అధ్యయనాలు రెండు జవాబులు ఇస్తాయి. 2012లో కాలిఫోర్నియా ఎన్‌కెఫలైటిస్ ప్రాజెక్టు 30 ఏళ్ల లోపువాళ్లలో ఎన్‌ఎండీఏ రకం 32 మందిలో, హెర్పిస్ 1 వైరస్ ఏడుగురిలో ఉందని చూపింది. 2010లో ఇంగ్లండ్‌లో 203 మందిని చూసిన అధ్యయనంలో ఎన్‌ఎండీఏ రకం 4 శాతమే. మొదటిది కారణం తెలియక కష్టమైన కేసులను పంపించుకున్న ప్రాజెక్టు, వయసు హద్దు కూడా ఉంది. రెండోది అన్ని వయసులను కలిపిన గణన. ఉపన్యాసాల్లో మొదటి అంకెనే ఎత్తి చూపుతుంటారు. పక్కన రెండోది కూడా పెట్టాలి.

హెర్పిస్ మాట వచ్చింది కాబట్టి: హెర్పిస్ మెదడువాపు తగ్గిన కొన్ని వారాలకు కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, వింత కదలికలతో పరిస్థితి మళ్లీ దిగజారేది. వైరస్ తిరగబెట్టిందనుకుని మళ్లీ ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు ఇచ్చేవారు. బార్సిలోనా నుంచి తయిస్ ఆర్మాంగె నడిపిన 2018 అధ్యయనంలో 51 మంది హెర్పిస్ పేషెంట్లను ముందు నుంచీ గమనిస్తే 14 మందికి, అంటే 27 శాతం మందికి, ఆటోఇమ్యూన్ ఎన్‌కెఫలైటిస్ వచ్చింది. సాధారణంగా రెండు నెలల లోపే. దిగజారినప్పుడు వెన్నునీటిలో వైరస్ పీసీఆర్ నెగటివ్ వస్తే యాంటీబాడీ చూడాలన్న నియమం దీనితో గట్టిపడింది. ఒక జబ్బు కనుగొనడం వేరు, పాత జబ్బు అర్థమయ్యే తీరు మార్చడం వేరు. ఈ పత్రం రెండో రకం.

ఆయన పత్రాలను వెతికేవాళ్లకు ఒక మాట. పబ్‌మెడ్ అనే వైద్య పత్రాల సూచికలో ఇంటిపేరు, మొదటి అక్షరం మాత్రం ఇస్తే అదే పేరున్న వేరే రంగాలవాళ్ల పత్రాలూ వస్తాయి. ఎన్‌కెఫలైటిస్, పారానియోప్లాస్టిక్, యాంటీబాడీ లాంటి మాటలు జతచేసి, ఆయన పనిచేసిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం, బార్సిలోనా సంస్థల పేర్లతో సరిపోల్చాలి. ఆపైన రచయితల వరస చూడాలి. ఈ రంగంలో మొదటి పేరు ఎక్కువ పని చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపినవారిది. మధ్యలో ఆయన పేరున్న పత్రాలు చాలా ఉంటాయి. అందులో కొన్ని శాంపిల్ పరీక్షించి ఇచ్చినందుకు, కేసు కలిపినందుకు వచ్చినవి. ప్రమాణాల పత్రానికి వచ్చే సైటేషన్లనూ ఫ్యాబ్ ప్రయోగానికి వచ్చే సైటేషన్లనూ ఒకే త్రాసులో వేయకూడదు. మొదటిదాన్ని ప్రతి కేసు రిపోర్టూ ఉదహరిస్తుంది, అది వాడకం. రెండోదాన్ని ఉదహరించేవారు తక్కువ, కానీ వాళ్లు దాని మీద కొత్త ప్రయోగం కడతారు. రోటర్‌డామ్‌లో టిటులార్, ఫిలడెల్ఫియాలో ఎరిక్ లాంకాస్టర్ నడిపే బృందాల పత్రాలు తెరిస్తే అవే మూడు పరీక్షల పద్ధతి, అదే వెన్నునీటి పట్టింపు కనిపిస్తాయి. ఆ ప్రభావం హెచ్-ఇండెక్స్ అనే సైటేషన్ల కొలతలోకి రాదు.

ఇంకా మిగిలిన పనిని కూడా ఆ వర్గమే ఎత్తి చూపింది. 2013 పత్రంలో "మంచి స్థితి" అంటే మాడిఫైడ్ ర్యాంకిన్ స్కేలులో 0 నుంచి 2. ఆ స్కేలు పక్షవాతం కోసం తయారైంది, నడక, రోజువారీ పనులను కొలుస్తుంది. 2022లో మార్ గ్వాస్ప్ మొదటి రచయితగా లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన అధ్యయనం ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తర్వాతి నెలలను గమనించింది. ఆ దశలో పేషెంట్ల మానసిక, జ్ఞాపక లోపాలు స్థిరపడిన స్కిజోఫ్రీనియాను పోలి ఉన్నాయి, తర్వాత నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వచ్చాయి. ర్యాంకిన్ 1 అని రాసి పంపిన విద్యార్థిని పాఠం గుర్తుపెట్టుకోలేక అవస్థ పడుతుంటే ఆ స్కేలుకు అది కనిపించదు. తర్వాతి ట్రయల్స్ ర్యాంకిన్‌తో పాటు జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగాలను విడిగా కొలిస్తేనే ఏ మందు ఎంత పనిచేసిందో తేలుతుంది.